నడుము నొప్పికి యంత్ర చికిత్స: డబ్బు కట్టే ముందు ఆలోచించవలసినవి

చందానగర్ నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె భర్త హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగి. వయసు ఇంకా నలభై దాటలేదు. నడుములో మొదలైన నొప్పి మూడు వారాలుగా ఎడమ పిరుదు మీదుగా, తొడ వెనుక నుంచి పిక్క దాకా దిగుతోంది. మోటారుతో నడిచే బల్లపై పడుకోబెట్టి నడుమును సాగదీసే చికిత్స ఇరవై సిట్టింగులు చేయించుకోవాలని, లేకుంటే ఆపరేషన్ తప్పదని ఒక కేంద్రంవారు చెప్పారట. మొత్తం డబ్బు ముందే కట్టమన్నారట. అదే ఇంట్లో అత్తగారు రోజూ ఉదయం మరో దుకాణానికి వెళ్ళి, వీపు కింద వేడి రాళ్ళు దొర్లే మంచంపై ఉచితంగా అరగంట పడుకొని వస్తున్నారు. ఇప్పుడు ఆ దుకాణంవారు మంచాన్ని వాయిదాల మీద కొనమంటున్నారు. ఈ రెండింటిలో దేనికి డబ్బు పెట్టాలన్నది ఆ సోదరి ప్రశ్న.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. మియాపూర్ మొదలుకొని లింగంపల్లి వరకు, అటు కొండాపూర్, గచ్చిబౌలి వరకు వేలాది కుటుంబాలు కుర్చీలో కూర్చొని చేసే ఉద్యోగాలపైనే జీవిస్తున్నాయి. పగలంతా కంప్యూటరు ముందు, ఆపై కారులోనో బైకుపైనో ట్రాఫిక్‌లో గంటల తరబడి కూర్చునే వారికి నడుము నొప్పి కొత్త అతిథి కాదు. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడ్డారని అంచనా. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటవచ్చని పరిశోధకులు లెక్కగట్టారు. ఇంతమంది బాధపడే చోట వారికి అమ్మే యంత్రాలకు కొదువ ఉండదు. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ యంత్రాల సంగతి కొంత వివరంగా చెప్పదలచాము.

ఇది ఎక్కడి నొప్పి?

మన నడుము భాగంలో 5 వెన్నుపూసలు ఉంటాయి. రెండేసి పూసల మధ్య మెత్తని దిండు వంటి డిస్కు ఉంటుంది. దాని లోపల జిగురు వంటి పదార్థం, చుట్టూ గట్టి నారల వలయం ఉంటాయి. ఆ వలయం బలహీనపడి లోపలి పదార్థం బయటకు పొంగితే, పక్కనే ఉన్న నరపు వేరుకు ఒత్తిడి, వాపు తగులుతాయి. నడుములోని చివరి రెండు డిస్కుల దగ్గరే ఇది ఎక్కువగా జరుగుతుంది. అక్కడి నుంచి వచ్చే నరపు వేళ్ళు కలిసి శరీరంలోకెల్లా లావైన సయాటిక్ నరంగా మారి కాలిలోకి దిగుతాయి. కనుక గాయం నడుములో ఉన్నా బాధ పిక్కలో, పాదంలో తెలుస్తుంది. దీనినే సయాటికా అంటున్నాము. డిస్కు చీలికకు, ఈ నొప్పికి గల సంబంధాన్ని అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో స్పష్టంగా నిరూపించారు.

మన పెద్దలు దీనిని ‘ఇర్ఖున్నిసా’ అంటారు. ఆ మాట విని ఇది స్త్రీలకు వచ్చే జబ్బు అని భ్రమపడేవారూ ఉన్నారు. అరబీ మూలంలో ఆ పదం ‘ఇర్ఖున్నసా’. తుంటి నుంచి మడమ దాకా దిగే నరానికి ‘నసా’ అని పేరు. స్త్రీలను సూచించే ‘నిసా’ పదంతో దీనికి సంబంధం లేదు. దివ్య ఖుర్ఆన్‌లోని ఆలి ఇమ్రాన్ సూరా 93వ ఆయతును వివరిస్తూ, యాఖూబ్ ప్రవక్త (అ) ఈ బాధతోనే ఒక ఆహారాన్ని తనకు తాను నిషేధించుకున్నారని పలువురు వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. అంటే ఈ నొప్పి కంప్యూటర్లతో పుట్టింది కాదు, మానవజాతికి చిరకాలంగా పరిచయమున్నదే.

యంత్రాలు ఏమి చేస్తాయి?

వెన్నెముకను సాగదీసి బాగుచేయాలన్న ఆలోచన కూడా పాతదే. గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరుతో ఇటువంటి బల్ల ప్రసిద్ధి. అందలుసియాకు చెందిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ (936–1013) తన ‘కితాబుత్తస్రీఫ్’లో, తొలగిన వెన్నుపూసలను బల్లపై లాగి సరిచేసే పద్ధతిని వివరించారు. 1465లో తుర్కీ వైద్యుడు షరఫుద్దీన్ సబుంజుఓగ్లు తన శస్త్రచికిత్సా గ్రంథంలో చికిత్సా విధానాలను బొమ్మలతో సహా చూపారు. నాడు తాళ్ళు, మరలు చేసిన పనిని నేడు మోటారు, కంప్యూటరు చేస్తున్నాయి. మార్కెట్లో కనిపించే యంత్రాలను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది ట్రాక్షన్ బల్ల. దీనికే మెరుగులు దిద్ది ‘స్పైనల్ డీకంప్రెషన్’ అనే పేరుతోనూ అమ్ముతున్నారు. రోగి ఛాతీకి ఒక పట్టీ, తుంటికి మరో పట్టీ కడతారు. బల్ల రెండుగా విడిపోయి, మోటారు తుంటి పట్టీని పాదాల వైపు లాగుతుంది. కొన్ని సెకన్లు లాగి, కొన్ని సెకన్లు సడలిస్తుంది. శరీర బరువులో నాలుగో వంతు నుంచి సగం దాకా బలం వాడడం పరిపాటి. పూసల మధ్య ఎడం స్వల్పంగా పెరుగుతుంది, నరంపై ఒత్తిడి తగ్గుతుంది అన్నది దీని వెనుక ఉన్న ఊహ. ఆ ఎడం పెరగడం నిజమే. కాని రోగి లేచి నిలబడగానే శరీర బరువు మళ్ళీ డిస్కులపై పడుతుంది, పూసలు యథాస్థితికి చేరుకుంటాయి.

రెండవది వేడి రాళ్ళు, రోలర్లు ఉన్న మంచం. వెన్నెముక పొడవునా మోటారు వీటిని అటూ ఇటూ నడుపుతుంది. వేడి తగిలి కండరాల బిగువు సడలుతుంది, హాయిగా ఉంటుంది. ఆ హాయి అబద్ధం కాదు. కాని అది కండరానికి కలిగిన ఊరట. పొంగిన డిస్కును వేడి రాయి లోపలికి నెట్టలేదు.

మూడవది చర్మంపై అంటించిన మెత్తల ద్వారా స్వల్ప విద్యుత్తు పంపే యంత్రాలు, అల్ట్రాసౌండ్ యంత్రాలు. చాలా ఫిజియోథెరపీ గదుల్లో ఇవి ఉంటాయి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

వైద్య పరిశోధనలను తూకం వేసి చెప్పే కాక్రేన్ సంస్థ 2013లో ట్రాక్షన్‌పై జరిగిన 32 పరీక్షలను, వాటిలో పాల్గొన్న 2,762 మంది రోగుల ఫలితాలను పరిశీలించింది. సయాటికా ఉన్నా లేకున్నా, నొప్పి తగ్గడంలో గాని, పనిచేసుకోగలగడంలో గాని, ఉద్యోగానికి తిరిగి వెళ్ళడంలో గాని ట్రాక్షన్ వల్ల ఒరిగేది లేదని, ఉన్నా బహుస్వల్పమని తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలను రూపొందించే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పికి, సయాటికాకు ట్రాక్షన్ ఇవ్వవద్దని వైద్యులకు సూచించింది. నడుము బెల్టులను, విద్యుత్తు మెత్తలను, అల్ట్రాసౌండ్‌ను కూడా అదే జాబితాలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో, ప్రత్యేక కారణం లేకుండా మూడు నెలలకు పైగా వేధించే నడుము నొప్పిపై మార్గదర్శకాలు వెలువరించింది. అందులోనూ ట్రాక్షన్, బెల్టు, అల్ట్రాసౌండ్, విద్యుత్తు మెత్తలు వద్దన్న జాబితాలోనే ఉన్నాయి. చేయదగిన వాటిలో వ్యాయామం, రోగికి జబ్బు గురించి అవగాహన కల్పించడం ఉన్నాయి. నిపుణులు చేతితో చేసే మర్దన కూడా ఆ వరుసలో ఉంది.

యంత్రం ఖరీదు పెరిగినంత మాత్రాన సాక్ష్యం బలపడదు. తెరపై అంకెలు చూపే బల్ల అయినా, పాతకాలపు బరువుల ట్రాక్షన్ అయినా శరీరానికి తెలిసేది లాగుడు ఒక్కటే.

మరి అక్కడికి వెళ్ళిన వారికి తగ్గుతోంది కదా?

ఇది సహేతుకమైన ప్రశ్న. పక్కింటివారికి పదిహేనో సిట్టింగుకు తగ్గిందంటే మనసు అటు లాగుతుంది. ఇక్కడే ఒక విషయం గ్రహించాలి. డిస్కు పొంగి వచ్చిన సయాటికా చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. బయటకు వచ్చిన డిస్కు ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది, నరం వాపు తగ్గుతుంది. ఇరవై సిట్టింగులు ముగియడానికి కూడా దాదాపు అంతే కాలం పడుతుంది. ఆ వారాల్లో అల్లాహ్ శరీరంలో ఉంచిన మాన్పుకొనే శక్తి చేసిన పని యంత్రం ఖాతాలో జమ అవుతుంది. కేంద్రంవారు అబద్ధమాడకపోవచ్చు. వారూ అలాగే నమ్ముతూ ఉండవచ్చు. యంత్రం లేకుండా అదే కాలం గడిపిన వారితో పోల్చి చూసినప్పుడే తేడా తెలుస్తుంది. పరిశోధనలు చేసింది ఆ పోలికే.

‘లేకుంటే ఆపరేషనే’ అన్న భయానికీ సమాధానం ఉంది. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికాతో 6 నుంచి 12 వారాలుగా బాధపడుతున్న 283 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి త్వరగా ఆపరేషన్ చేశారు. మరో వర్గాన్ని మందులతో, ఓపికతో కనిపెట్టి చూశారు. 2007లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి త్వరగా తగ్గింది. కాని ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ దాదాపు 95 శాతం మంది కోలుకున్నారు. రెండో వర్గంలో నొప్పి తగ్గక తర్వాత ఆపరేషన్ చేయించుకున్నవారు 39 శాతం. అంటే వేచి చూసినవారిలో సగానికి పైగా కత్తి అవసరం లేకుండానే బాగయ్యారు. అవసరమైన వారికి ఆపరేషన్ మేలే చేసింది. కనుక ఆపరేషన్‌ను బూచిగా చూపి డబ్బు కట్టించుకోవడం ఎంత తప్పో, అవసరమైనప్పుడు దానికి భయపడి పారిపోవడమూ అంతే తప్పు.

ఎమ్మారై చిత్రాన్ని చూపి భయపెట్టడం మరో రివాజు. నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది చిత్రాలపై జరిగిన అధ్యయనాలను 2015లో క్రోడీకరించి చూడగా, ఇరవై ఏళ్ళవారిలోనే 30 శాతం మందికి, ఎనభై ఏళ్ళవారిలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. తల నెరిసినట్టే డిస్కులూ వయసును చూపుతాయి. చిత్రంలో ఉబ్బు ఉన్నంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేము. రోగిని పరీక్షించిన వైద్యుడు ఆ రెండింటినీ కలిపి చూసి చెప్పాలి.

యంత్రం ఎక్కకూడని వారు, ఆలస్యం చేయకూడని లక్షణాలు

ట్రాక్షన్ బల్ల అందరికీ నిరపాయకరం కాదు. గర్భిణులు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు, ఇటీవల ఎముక విరిగినవారు, వెన్నెముకలో క్షయ లేదా మరే చీము జబ్బు ఉన్నవారు, క్యాన్సరు చికిత్స పొందినవారు దానిని ఎక్కకూడదు. మన దేశంలో వెన్నెముక క్షయ అరుదు కాదు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలో కూడా వదలని నొప్పి ఉంటే ముందు ఆ పరీక్షలు జరగాలి. మధుమేహం వల్ల చర్మం స్పర్శ తగ్గినవారికి వేడి మంచం కాల్చినా తెలియదు. అటువంటివారు మన ఇళ్ళల్లో చాలామందే ఉన్నారు.

మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, రెండు కాళ్ళూ బలహీనపడడం కనిపిస్తే అది అత్యవసర స్థితి. వెన్ను చివరనున్న నరాల కట్ట నలిగిపోతోందని అర్థం. సిట్టింగు కోసం, మరుసటి రోజు కోసం ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. మగవారు, ఆడవారు ఎవరైనా సరే, సిగ్గుతో ఈ మాట దాచి పెడితే జీవితాంతం మూత్రంపై అదుపు పోయే ప్రమాదం ఉంది. నడుస్తుంటే పాదం నేలకు ఈడ్చుకుపోయినా, బొటనవేలు పైకి లేవకపోయినా అదే రోజు వైద్యునికి చూపాలి.

అడగవలసిన ప్రశ్నలు

పై లక్షణాలేవీ లేకుండా, ఎవరైనా యంత్ర చికిత్సకు పిలిస్తే డబ్బు కట్టే ముందు నాలుగు మాటలు అడగండి. నన్ను పరీక్షించింది ఎవరు? అర్హత పొందిన వైద్యుడా, ఫిజియోథెరపిస్టా, లేక అమ్మకాల ఉద్యోగా? మూడు సిట్టింగుల తర్వాత గుణం లేకుంటే మిగిలిన డబ్బు తిరిగి ఇస్తారా? ఆ మాట రసీదుపై రాసిస్తారా? యంత్రంతో పాటు నేర్పే వ్యాయామం ఏమిటి? నాలుగో ప్రశ్నకు జవాబు లేని చోట మొదటి మూడింటికీ సంతృప్తికరమైన జవాబు దొరకదు.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల చట్టం పరిధిలోకి వచ్చాయి. అయితే ఒక పరికరం రిజిస్టరు కావడం వేరు, అది జబ్బు నయం చేస్తుందని రుజువు కావడం వేరు. ఇక మంచం మీద పడుకుంటే మధుమేహం, రక్తపోటు, క్యాన్సరు కూడా నయమవుతాయని ఎవరైనా ప్రకటిస్తే, అటువంటి ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించిందని గుర్తుంచుకోండి. అటువంటి మాట నమ్మి మధుమేహం మందులు మానేసిన పెద్దవారికి జరిగే నష్టం మంచం ఖరీదు కంటే పెద్దది. మోసపోయామని తోస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ఉచితంగా పడుకోనిచ్చినవారి పట్ల పెద్దలకు మొహమాటం ఏర్పడుతుంది. రోజూ ఆప్యాయంగా పలకరించి, టీ ఇచ్చి కూర్చోబెట్టిన చోట కొననని చెప్పడం కష్టం. ఒంటరితనంలో ఉన్న వృద్ధులు అక్కడికి నొప్పి కోసమే కాక నాలుగు మాటల కోసం కూడా వెళుతుంటారు. వారిని మందలించే ముందు ఇంట్లో వారితో కూర్చునేవారు ఎందరున్నారో చూసుకోవాలి. ఇక ఆ మంచాన్ని వడ్డీతో కూడిన వాయిదాలకు తీసుకోవడం నడుము నొప్పిపై మరో బరువును ఎత్తుకోవడమే.

మన చేతిలో ఉన్న చికిత్స

నొప్పి తీవ్రంగా ఉన్న రెండు మూడు రోజులు విశ్రాంతి సరే. వారాల తరబడి మంచం పట్టడం మేలు చేయదు, కండరాలను మరింత బలహీనం చేస్తుంది. వైద్యుడు రాసిన నొప్పి మందులు వాడుతూ, ఓర్చుకోగలిగినంత మేర తిరగాలి. నొప్పి కాస్త తగ్గాక నడక మొదలుపెట్టాలి. ఆస్ట్రేలియాలో 701 మందిపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. వారంతా ఒకసారి నడుము నొప్పి వచ్చి తగ్గినవారు. ఫిజియోథెరపిస్టు సలహాతో నడక క్రమంగా పెంచుకున్నవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, అలా నడవనివారికి 112 రోజులే పట్టింది. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట నడక వారి లక్ష్యం. దానికి బల్ల అక్కరలేదు, వాయిదాలు అక్కరలేదు.

చందానగర్‌లో ఉండి హైటెక్ సిటీకి వెళ్ళేవారికి ఒక సదుపాయం ఉంది. ఎంఎంటీఎస్ రైలులో చందానగర్ తర్వాత హఫీజ్‌పేట, ఆ తర్వాతిది హైటెక్ సిటీ స్టేషను. వేళలు కుదిరిన రోజున స్టేషను దాకా నడిచి, రైల్లో నిలబడి వెళితే గంటసేపు బైకుపై కుదుపులు తప్పుతాయి, నడకా అవుతుంది. ఆఫీసులో అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. ఫోనులో మాట్లాడవలసినవి నిలబడి మాట్లాడాలి.

రాత్రి నిద్రలో డిస్కులు నీటిని పీల్చుకొని బిగువుగా ఉంటాయి. అందుకే తెల్లవారుజామున నడుము బిర్రుగా ఉంటుంది. ఫజర్‌కు లేచేవారు మంచం మీద నుంచి ఒక్కసారిగా ముందుకు వంగి లేవకుండా, పక్కకు తిరిగి, చేతులు ఊని లేవాలి. కింద ఉన్న కుళాయి దగ్గర వంగి వుజూ చేసే బదులు చిన్న పీటపై కూర్చొని చేయడం మేలు. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో రుకూ, సజ్దాలకు శరీరం సహకరించకుంటే కూర్చొని నమాజు చేసుకొనే సౌలభ్యం మన ధర్మంలో ఉన్నదే. వ్యాధితో ఉన్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడలేకుంటే కూర్చొని, అదీ చేతకాకుంటే పక్కకు పడుకొని నమాజు చేయమని చెప్పినట్లు బుఖారీ హదీసు ద్వారా తెలుస్తోంది. మసీదులో కుర్చీ వేసుకున్న యువకుని వైపు వింతగా చూడడం మనం మానుకోవాలి.

ఇంటి పని విషయం ప్రత్యేకంగా చెప్పాలి. వంటగ్యాసు సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు బరువు కూడా ఇంచుమించు అంతే. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను 20 కిలోలు. వీటిని మోసేది, నేల తుడిచేది, ఇఫ్తార్ దేగిసాలు దించేది తరచుగా స్త్రీలే. ఇంటి యజమాని నడుము నొప్పికి ఇరవై సిట్టింగులు వెతికే కుటుంబం, ఇల్లాలు నడుము పట్టుకొని నిలబడినప్పుడు దానిని అలవాటు కింద జమకడుతుంది. బరువులు పంచుకోవడం, పొయ్యి గట్టు ఎత్తు సరిచేయడం, కాన్పు తర్వాత తల్లికి తగిన వ్యాయామం నేర్పించడం ఏ యంత్రం కంటే తక్కువ చికిత్స కాదు.

ఆ సోదరికి మా సలహా ఇది. ముందు భర్తను ఎముకల వైద్యునికి గాని, నరాల వైద్యునికి గాని చూపించండి. నగరంలో ప్రభుత్వ వైద్యం కావాలంటే ఉస్మానియా ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. ప్రమాద లక్షణాలు లేవని వైద్యుడు చెబితే ఆరు నుంచి పన్నెండు వారాలు మందులు, నడక, వ్యాయామాలతో వేచి చూడండి. ఇరవై సిట్టింగులకు కట్టదలచిన డబ్బులో కొంత, వ్యాయామం నేర్పే మంచి ఫిజియోథెరపిస్టుకు నాలుగైదు సార్లు ఇవ్వండి. అప్పటికీ నొప్పి లొంగకుంటే ఆపరేషన్ సంగతి నిపుణునితో నిర్భయంగా మాట్లాడండి. అత్తగారికి మంచం కొనవద్దు. వేడి నీళ్ళ సంచి ఒకటి చాలు, అదీ వేడి చేతితో చూసి, గుడ్డ చుట్టి పెట్టండి. సాయంత్రం వేళ అపార్టుమెంటు చుట్టూ ఆవిడతో పాటు ఇంట్లో ఒకరు నడవండి.